ఎదెల్మిరా చోట ఊదా గిన్నె

అక్టోబరు 3, ఉదయం 7.10

నిన్న సాయంత్రం మా లోగిలి సమావేశం. పదకొండు కాపురాలు, పదకొండు అభిప్రాయాలు, ఒక్క బుర్ర లేదు. 18న అద్భుతాల ప్రభువు పటాన్ని పల్లకీలో మోసే ఊరేగింపు మా వీధిన వస్తుంది. ఎప్పటిలాగే గేటు ముందు బల్ల వేసి జనానికి మసమోర్ర, అంటే ఊదా మొక్కజొన్నతో కాచే తియ్యటి జావ, పంచాలి. బల్ల మీద మొదటి చోటు ఇరవై తొమ్మిదేళ్ళు నా భార్య ఎదెల్మిరాది. ఫిబ్రవరిలో పోయింది.

ఎదురింటి దోన్యా సొయిలా ఆ ఇరవై తొమ్మిదేళ్ళూ రెండో చోట నిలబడి పళ్ళు నూరింది. నిన్న తల ఒక పక్కకు వాల్చి, పాపం ఆ చోటు ఖాళీగా ఉంటే బాగోదు, నేను జరుగుతానంది. ఎనిమిది నెలలు ఓపిక పట్టింది, మెచ్చుకోవాలి.

నేను లేచి, ఆ చోట గిన్నె నేను పెడతానన్నాను.

నికనోర్ పల్లకీ మోసే బృందంలో ఉంటాడు. అందుకని తాను దేవుడికి దగ్గరి చుట్టాన్ననుకుంటాడు. "ఏ కంపెనీ ప్యాకెట్, దోన్ ఫిదెలియో?" అన్నాడు. అందరూ నవ్వారు.

తీర్మానాలు:
1. మొక్కజొన్న నుంచే వండుతాను. కొట్లో అమ్మే పొడి ప్యాకెట్ ముట్టను.
2. ఎవరినీ అడగను. సొయిలాని అసలే అడగను.
3. మొదటి నుంచి చివరి దాకా తెడ్డు నా చేతిలోనే ఉంటుంది. (మధ్యలో చెయ్యి మారితే మసమోర్ర విరిగిపోతుందని ఈ లోగిలి నమ్మకం. శుద్ధ మూర్ఖత్వం. అయినా మారనివ్వను.)

ఒక పత్రికలో ముప్పై ఒక్కేళ్ళు ప్రూఫులు దిద్దాను, వంటల పేజీతో సహా. చరిత్ర ప్రొఫెసర్ల తప్పులు దిద్దినవాడికి జావ కాయడం ఒక లెక్కా?

అక్టోబరు 5, ఉదయం 9.00

బజారు. ఊదా మొక్కజొన్న కంకులు రెండు కిలోలు. అనాస, ఆపిళ్ళు, దాల్చినచెక్క, లవంగాలు, ఎండు ఆల్‌బుఖారా, చిలగడదుంప పిండి, నిమ్మకాయలు. కంకులమ్మే ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా పెద్దాయనా?" అంది. పుస్తకాలున్నాయన్నాను.

సాయంత్రం 6.00. గింజలన్నీ ఒలిచాను. బొటనవేలు బొబ్బలెక్కింది. బెండ్లు చెత్తలో పారేశాను. వంటగది అద్దంలా ఉంది. ఆడవాళ్ళు దీన్ని ఇంత రాద్ధాంతం ఎందుకు చేస్తారో!

అక్టోబరు 7

మూడు గంటలు ఉడికించాను. చొక్కా ఉతికిన నీళ్ళలా వచ్చింది, అదీ వెలిసిపోయిన చొక్కా. రంగంతా బెండులో ఉంటుందట. బెండ్లేమో నిన్న చెత్త బండి ఎక్కి వెళ్ళిపోయాయి.

ఈ సంగతి రాయని వంటల పేజీని తిట్టుకుంటూ పాత కత్తిరింపులు తీశాను. అచ్చులో ఆ మాట లేదు. దాని వెనక దాచిన ప్రూఫులో ఉంది. "బెండును పారేయరాదు." దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత. పక్కన నా పొడి అక్షరాలు: ఒక లైను ఎక్కువైంది, తీసేయండి.

ఆ ఏడు ఈ నగరంలో ఎంతమంది వెలిసిన నీళ్ళు తాగారో.

అక్టోబరు 10

ఈసారి బెండ్లతో సహా ఉడికించాను. రంగు దివ్యంగా వచ్చింది. బిషప్పు అంగీ కూడా ఇంత ఊదాగా ఉండదు. నిమ్మరసం రంగుకు మెరుపు తెస్తుందని చదివాను కాబట్టి ముందే పిండాను. తర్వాత పిండి కలిపాను. చిక్కబడలేదు. మరికొంత పిండి నేరుగా మరిగే గిన్నెలో పోశాను. చిక్కబడింది, కానీ పిండి మాత్రమే, ఉండలు ఉండలుగా.

కారణాలు: గ్యాసు మంట సరిగా లేదు. పిండి పాతది. గిన్నె అడుగు పలచన. వీధిలో మైకు.

అక్టోబరు 12

విశ్రాంతి. ఎందుకంటే:
కుడి భుజం నొప్పి.
ఆదివారం.
బజారుకు వెళ్తే ఆ కంకులామె మళ్ళీ పలకరిస్తుంది.

అక్టోబరు 14, సాయంత్రం 5.20

అన్నీ సరిగ్గా చేశాను. పిండిని చన్నీళ్ళలో కలిపాను. పులుపు ముందే పడితే పిండి చిక్కబడదట, అందుకని నిమ్మకాయను పక్క గదిలో దాచాను. ఇక తిప్పడమే. పన్నెండు నిమిషాలకు భుజం మొరాయించింది. ఒక్క నిమిషం కూర్చున్నాను. చేతికందిన పుస్తకం తెరిచాను. ఒక్క పేజీ.

సొయిలా కిటికీ తెరుచుకుంది. "దోన్ ఫిదెలియో, అక్కడేదో మాడుతోంది. గిన్నె అయితే దించండి, కోపం అయితే చల్లారనివ్వండి."

గిన్నె దించాను.

అక్టోబరు 16

పరిశీలన కోసం మాత్రమే, పోల్చి చూడటం కోసం మాత్రమే, నాలుగు ప్యాకెట్లు కొన్నాను. మా పేట కొట్లో కాదు. రెండు బస్సులు మారి సముద్రం దాకా వెళ్ళాను. దొంగలు కూడా ఇంత దూరం పోరు. తిరుగు బస్సులో నికనోర్ ఎక్కాడు. సంచిలో ఏముందని అడిగాడు. నిఘంటువన్నాను.

అక్టోబరు 17, మధ్యాహ్నం

పది నిమిషాల్లో అయిపోయింది. బూటు పాలిష్‌లా మెరుస్తోంది. పైన నిజమైన ఆల్‌బుఖారా, నిజమైన ఆపిల్ ముక్కలు వేశాను. ముసలివాడికి కొత్త చొక్కా తొడిగినట్టుంది. తీర్మానంలో "మొక్కజొన్న నుంచే" అని ఉంది. ప్యాకెట్లో కూడా అంతో ఇంతో మొక్కజొన్న ఉంటుంది. వెనక అచ్చు వేశారు. ఏడో పదార్థం.

అక్టోబరు 18, సాయంత్రం 7.30

రాయాలని లేదు. అయినా రాయాలి.

మా బల్ల మీద గిన్నెలన్నీ మెడ దాకా ఒకే ఊదా గుడ్డ చుట్టుకుని ఉంటాయి. ఎవరిది ఏదో చోటును బట్టే తెలుస్తుంది. నాది మొదటి చోట పెట్టాను. సొయిలా వచ్చింది. అడగకుండా చెంచా ముంచింది, నోట్లో పెట్టుకుంది, నా వైపు చూసింది. నేను కరెంటు తీగలకేసి చూశాను. ఆమె చెంచా తుడుచుకుని తన చోటికి వెళ్ళిపోయింది. ఏదైనా అంటే బాగుండేది.

పల్లకీ వచ్చింది. సాంబ్రాణి పొగ. అందరూ వీధివైపు తిరిగి తలలు వంచారు. ఇరవయ్యో ఏట నమ్మకం వదిలేసినవాణ్ణి, నేనూ వంచాను. తల ఎత్తేసరికి సొయిలా తన చోట నిలబడి ఆయాసపడుతోంది.

పంచడం మొదలైంది. మొదటి గిన్నె దగ్గర తిన్న ప్రతివాళ్ళూ కళ్ళు మూసుకున్నారు. ఒక ముసలామె నా చేయి పట్టుకుని, ఎదెల్మిరా చెయ్యి పోలేదు నాయనా అంది. అప్పుడు గిన్నెలోకి చూశాను. అది నాది కాదు.

నాది రెండో చోట ఉంది. అక్కడ జనం సగం తిని కప్పులు వెనక్కి పెడుతున్నారు. నికనోర్ ఒక చెంచా తిని, "దోన్యా సొయిలా, ప్యాకెట్ కలిపారా ఏంటి?" అన్నాడు. లోగిలంతా నవ్వింది. ఆమె, వయసు మీద పడింది నాయనా అని, ఇంకో కప్పు నింపింది.

ఇది కూడా రాయాలి. గంటన్నర సేపు పొగడ్తలు పుచ్చుకున్నాను.

బల్ల తీసేటప్పుడు ఎందుకలా చేశారని అడిగాను. ఆమె గుడ్డ మడత పెడుతూ చెప్పింది.

"ఎదెల్మిరాతో ఇరవై తొమ్మిదేళ్ళు పోటీ పడ్డాను. ఏటా ఓడిపోయాను. ఆ చోట ప్యాకెట్ నిలబడితే, నేనిన్నాళ్ళూ ఓడింది దేనికి?"

అక్టోబరు 19, ఉదయం 6.00

గేటుకు కాగితం అంటించాను. "నిన్న మొదటి చోట ఉన్న గిన్నె దోన్యా సొయిలాది. రెండో చోట ఉన్న ప్యాకెట్ సరుకు నాది. ఫిదెలియో." ఒక్క అచ్చుతప్పు లేదు.

8.00. నికనోర్ దాన్ని లోగిలంతా వినేలా రెండుసార్లు చదివాడు. చదవడం వచ్చని ఈరోజే తెలిసింది.

11.00. సొయిలా తలుపు కొట్టాను. మొదటి చోటు మీదేనని చెప్పాను. అక్కర్లేదంది. 28న ఊరేగింపు మళ్ళీ వస్తుంది, ఆ చోట మీ గిన్నె ఉంటే ఉంటుంది, లేకపోతే ఖాళీగానే ఉంటుంది, అందరూ చూస్తారు అంది. నేర్పమని అడిగాను. డెబ్బై ఆరేళ్ళ వయసులో ఆ మాట గొంతులోంచి రావడానికి సుమారు అర నిమిషం పట్టింది.

"మూడింటికి రండి. చెప్పింది చెప్పినట్టు చేయాలి. ఎందుకని అడిగితే బయటికి పంపేస్తాను."

కొత్త తీర్మానాలు:
1. మొక్కజొన్న నుంచే.
2. ఒక్కరిని మాత్రమే అడుగుతాను.
3. ఎందుకని అడగను.

3.07. ఎందుకని అడిగాను.

3.08. బయట ఉన్నాను.

3.40. లోపలికి రానిచ్చింది. ఇంకా తొమ్మిది రోజులున్నాయి.