వాకిట్లో దండెం ఎత్తిందెవరు?

దిల్‌సుఖ్‌నగర్

తమ్ముడు ఆనందానికి అక్క అండాలమ్మ దీవించి రాసేది.

పక్కనే ఉన్న ఎల్బీనగర్‌కు ఉత్తరమేమిటని పోస్టాఫీసులో నవ్వారు. ఫోన్‌లో నువ్వు "ఊ" తప్ప పలకవు, ఉత్తరంలో అయితే నాలుగు మాటలు రాస్తావు. సంగతేమిటంటే, పక్క వాటాలో కిరాయికి ఉండే మృదుల వాకిట్లో దండెం పైకి కట్టింది. బట్టలు ఆరేయాలంటే మునివేళ్ల మీద లేవాలి. నడుము గుంజుతోంది. అడిగితే "నేను పైకి కట్టలే అత్తమ్మా" అంటుంది.

మీ అక్క

తా.క.: అద్దంలో నా బొట్టు కూడా కనబడడం లేదు. నా గదిలోకి ఎప్పుడొచ్చి ఎత్తిందో!

*

ఎల్బీనగర్

అక్కకు ఆనందం నమస్కారాలు.

అద్దం నేను కొట్టిన మేకుకే ఉంది. పెరిగింది దండెం కాదు, తగ్గింది నువ్వు. డాక్టరుకు చూపిద్దాం. పోచంపల్లిలో రంగులో ముంచిన నూలు చిలపల కట్టలు నువ్వు ఎంత ఎత్తున ఆరేసేదానివి! కింద ఆడుకుంటుంటే నీలిచుక్కలు నా నెత్తిన పడేవి. ఊరంతా నన్ను నీలోడా అని పిలిచింది. తర్వాత పట్నంలో చీరల దుకాణంలో చేరాక, నీ ఉత్తరాలు చదువుకోవడానికే అక్షరాలు కూడబలుక్కున్నాను.

తమ్ముడు

తా.క.: మృదులను ఏమీ అనకు.

*

దిల్‌సుఖ్‌నగర్

తమ్ముడికి అక్క దీవెనలు.

అనేశాను. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నాను. పొట్టిగా అవడానికి నేనేమైనా ఉతికిన కొత్త చీరెనా? నిన్న బకెట్టు ఎత్తబోతే వెన్నులో కటుక్కుమంది. లేవలేక పడుకునే రాస్తున్నాను. మృదులే జావ కాచి తాగిస్తోంది. తప్పు చేయకపోతే ఇంత సేవ ఎందుకు చేస్తుంది?

మీ అక్క

తా.క.: కోత పెడతామంటే మాత్రం రాను.

*

ఎల్బీనగర్

అక్కకు ఆనందం నమస్కారాలు.

మూడు వారాలు మందులు వాడినా నీ నొప్పి తగ్గలేదు. స్కానింగ్ చూసి డాక్టరు చెబుతుంటే నువ్వు మృదుల మీద చాడీలు చెబుతున్నావు. అందుకే రాస్తున్నాను. నీ ఎముకలు గుల్లబారాయి. రెండు వెన్నుపూసలు ఎప్పుడో నలిగాయి, ఎత్తు వాటితోనే పోయింది. బకెట్టు ఎత్తినప్పుడు నలిగిన మూడోది ఈ నొప్పి పెడుతోంది. పెద్ద కోత లేదు. ఎక్స్‌రేలో చూస్తూ సన్నని గొట్టం దించి, పూసలో చిన్న బుడగ ఊది, ఆ ఖాళీలో సిమెంటు నింపుతారట. ఒప్పుకో. ఇల్లు ఖాళీ మాట కూడా మానుకో, ఆమె పిల్లల బడి అక్కడే. నాకు మాట్లాడడం రాదు. దవాఖానలో నీ మంచం పక్కన కూర్చుంటాను.

తమ్ముడు

తా.క.: మన బాత్రూం కట్టిన మేస్త్రీకీ ఈ సిమెంటుకూ సంబంధం లేదు.

*

దిల్‌సుఖ్‌నగర్

తమ్ముడికి అక్క దీవెనలు.

సిమెంటు నింపిన సాయంత్రమే నన్ను నడిపించారు కదా, ఇప్పుడు ఇంట్లో కూడా నొప్పి లేకుండా తిరుగుతున్నాను. పోయిన ఎత్తు రాదనీ, ఎముకల మందులు మానవద్దనీ డాక్టరు మళ్లీ చెప్పాడు. అయినా నడుము నిలబెట్టి వాకిట్లోకి వస్తే దండెం గొంతుకు తగిలింది.

"గిదేంది, గింత కిందికున్నది?" అన్నాను.

మృదుల తల దించుకుంది. "నువ్వు ఒంగినకొద్దీ జర జర దించుకుంటొచ్చిన అత్తమ్మా. చెప్తే మనసు కష్టపెట్టుకుంటవని చెప్పలే."

దండెం ముట్టింది ఆమేనని నేను ముందే అన్నానా లేదా? ఎక్కడికీ పోవద్దని చెప్పాను.

మీ అక్క

తా.క.: ఇన్నాళ్లూ దండెం మీద ఆమె చీరెల అంచులు నేలకు రాసుకుని మట్టిగొట్టుకునేవి. పాపం, ఉతకడం రాదనుకున్నాను.