నూరువరహాల మొదట్లో సున్నం

మామయ్యా,

కొత్తగూడెంలో టీచర్ల ట్రైనింగ్, మొదటి బస్సుకే పోతున్నాను. అన్నం, పప్పు పొయ్యి మీద ఉన్నాయి.

నూరువరహాల మొక్కను పీకకండి. సమాధుల పండుగకని మరియ సమాధికి సున్నం వేసి వచ్చి, మీరు బకెట్ దాని మొదట్లో కడిగారు. అందుకే ఆకులు పసుపుపచ్చబడ్డాయి. చావలేదు. నిన్న కొమ్మను గోటితో గీకి చూశాను, లోపల పచ్చగా ఉంది. మొదట్లో తెల్లబడ్డ పైమట్టి తీసేసి, గేటు దగ్గర ఉన్న ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి వేయండి. పుల్లటి మజ్జిగ బాగా పలుచన చేసి పోయండి. కొత్త చిగురు వచ్చేదాకా కత్తెర ముట్టుకోవద్దు. క్రిస్మస్‌కు పూసినా పూస్తుంది.

పక్కింటి ప్రమీల మళ్లీ వచ్చి, "ఇంకేంది పెద్దయ్యా, గా పుల్లలు పీకి గులాబీ పెట్టరాదు!" అంటుంది. మజ్జిగ ఆమెనే అడగండి. తేవడానికి పోతుంది, కాసేపు మీకు నెమ్మది.

బిడ్డ మరియ నాటిన మొక్కను చంపానని మొన్నటి నుంచి మీరు సరిగ్గా తినడం లేదు. తినండి. నేనైనా ఆ బకెట్ అక్కడే కడిగేవాణ్ణి, కుళాయి ఉన్నది అక్కడే కదా.

జస్టిన్

మరొకటి. మరియ చిన్నప్పుడు ఇప్పచెట్టెక్కి దిగలేక ఏడ్చిన సంగతి నిన్న ప్రమీలకు చెప్పి నవ్వుతున్నారు. నన్ను చూసి ఆపేశారు. నా భార్య సంగతే కదా, ఆపకండి మామయ్యా. ఎట్లా దింపారో రాత్రి అన్నం దగ్గర నాకూ చెప్పండి.