కంప్యూటర్ దగ్గర క్లిఫర్డ్

మాంచెస్టర్,
జూన్ 1949

అమ్మా,

తమ్ముడి గురించి ఇక బెంగపెట్టుకోకు. యుద్ధం నుంచి వచ్చాక, తలుపు ధడేలుమన్నా బల్ల కింద దూరేవాడు కదా! అందుకే వాడు మా కంప్యూటర్ దగ్గర పనికి చేరినప్పటి నుంచి నాకూ భయంగానే ఉండేది.

నిన్న లండన్ అధికారుల ఎదుట ఆ యంత్రానికి పెద్ద లెక్క ఇచ్చాం. ఉన్నట్టుండి లోపల ఏదో తుపాకిలా పేలి, పొగ కమ్మింది. అందరూ వెనక్కి దూకారు. నేను యంత్రాన్ని చూడలేదమ్మా, మన క్లిఫర్డ్‌నే చూశాను. ముఖం పాలిపోయి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. కాసేపటికి కరెంటు ఆపమని చెప్పి, పొగలోకి టార్చి వేశాడు.

"ఈ ఒక్క ముక్కే మాడింది. అక్కా, అలా గుడ్లప్పగించి చూడకుండా ఆ కొత్తది ఇటియ్యి!" అన్నాడు.

మాడినదాన్ని ఊడదీసి కొత్తది బిగించాడు. టీ వేళకల్లా తెర మీద జవాబు చుక్కలు చుక్కలుగా వెలిగింది. ప్రొఫెసర్‌గారు సరిచూసి తలూపగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకి వాడు ఉలిక్కిపడి, వెంటనే తనలో తానే నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో!

ఆదివారం భోజనానికి తీసుకొస్తాను. నువ్వేమీ అడగకు. వాడే చెబుతాడు.

నీ పెద్దమ్మాయి