మధ్యలో రైస్ కుక్కర్

ఏమండీ,

అమెరికా అధ్యక్ష ఎన్నికల పోస్టల్ బ్యాలెట్ కెనడాలో మన విండ్సర్‌కు వచ్చింది, ఈసారి ఒక్కటే. డెట్రాయిట్ వదిలి వచ్చాక కూడా మనం భోజనాల బల్లకు చెరోవైపు కూర్చుని, మధ్యలో రైస్ కుక్కర్ అడ్డం పెట్టుకుని, ఒకరి ఓటును ఒకరు రద్దు చేసేవాళ్ళం. ఇప్పుడు నా ఓటును రద్దు చేసే మనిషి లేరు. పొద్దుటినుంచి మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లు లేచాను. పోనీ, ఈ ఒక్కసారికి మీ పార్టీకే వేద్దామా అనిపించింది. కానీ జాలిపడి వేసిన ఓటు మీరు పుచ్చుకోరు. పైగా మీ అభ్యర్థి మందుల ధరల గురించి అడిగితే జెండా గురించి చెబుతాడు. చివరికి మా పార్టీకే వేశాను.

"హూ ఆర్ యూ హైడింగ్ ఫ్రమ్, అమ్మమ్మా?" అంది మనవరాలు.

అప్పుడు చూసుకున్నాను, కుక్కర్ బల్ల మధ్యలోనే ఉంది.

"మీ తాతయ్య తొంగిచూస్తారే," అన్నాను.