మంచిదైపోయిన కోడలు

బిడ్డా మనస్వినీ,

ఫోన్ చేస్తే నువ్వు ఏడ్చుడే తప్ప నన్ను మాట్లాడనియ్యవు. అందుకే ఉత్తరం రాస్తున్న. రేటింగ్ పడిపోయింది, సీరియల్లకెల్లి నన్ను తీసేస్తరేమో అన్నవు. ఆ రేటింగ్ ఏందని కేబుల్ ఖైసర్‌ను అడిగిన. కొన్ని ఇండ్లల్ల టీవీకి ఒక డబ్బా పెడ్తరంట, వాళ్లు చూసిందే లెక్కంట. "మన ఆత్మకూర్ల ఎవరింట్ల ఉన్నది?" అంటే, "అది ఎవ్వరికీ చెప్పరు చాచీ" అన్నడు. మరి మేమందరం నిన్ను తిట్టిన తిట్లు ఏ లెక్కల పడ్డయి?

సీరియల్ల నువ్వు అత్తను అర్రల పెట్టి తాళమేసిన రోజు, ఎదురింటి పుష్పమ్మ "గసొంటి బిడ్డను ఎట్ల పెంచిన్రు" అని నాతోని మాట్లాడుడు బందు పెట్టింది. అయినా రోజూ మా ఇంటికే వచ్చి, మూతి ముడుచుకొని సీరియల్ చూసి పోయేది. నీ యాక్టింగ్ అంత నిజమనుకున్నదని నాకైతే మస్తు సంబురమైంది. పోయిన వారం నువ్వు ఆ అత్త కాళ్ల మీద పడి ఏడ్చినవు. పుష్పమ్మ మధ్యలనే లేసి చెప్పులేసుకున్నది. ఏమైందంటే, "ఆ పిల్ల మంచిదైనంక చూసేదేమున్నది?" అన్నది.

గా మాట మీ డైరెక్టర్ సారుకు చెప్పు. నిన్ను జల్ది మళ్ల చెడగొట్టుమను.

ఆయన ఇనకుంటే ఫికర్ చెయ్యకు, ఇంటికి రా. నాలుగు దినాలు నా చేతి జొన్నరొట్టె తిను, ఇంకో సీరియల్ దొరుకుతది. కానీ బస్సు దిగంగనే మొఖానికి చున్నీ కట్టుకో. అత్తను పెట్టిన బాధకు ఈడ ఇంకా ఎవ్వరూ నిన్ను మాఫ్ చెయ్యలే.

మీ చిన్నమ్మ