కమలాకర్ పేరున్న పేజీ

2007 ఆగస్టు 14
మొన్న ఆదివారం పొద్దున కమలాకర్‌కు ఫోనొచ్చింది. సినిమా టికెట్ల వెబ్‌సైట్ల జనాలకు లాగిన్ అయితలేదు, ఉరికి రా అని వాళ్ల ఆఫీసు సారు సుబ్బరామయ్య. నా కొడుకు దోస సగం వదిలి లేచిండు. కంప్యూటర్ ముట్టకే అమ్మా, గిప్పుడే వస్త అన్నడు. జూబ్లీహిల్స్ గుట్ట ఎక్కంగ వాని బండిని లారీ గుద్దింది. దవాఖాన్ల సాయంత్రం దాక బతికిండు.
ఇంట్ల కంప్యూటర్ల వాని ఆఫీసు పేజీ అట్లనే ఉన్నది. పైన వెల్‌కమ్ కమలాకర్ అని. ఇంగ్లీషుల వాని పేరు ఒక్కటే నాకు చదవొస్తది. వాడే నేర్పిండు.

ఆగస్టు 15
దీపం పెట్టినం. దినాలు అయ్యేదాక కొండెక్కొద్దని అనసూయ వదినె నూనె పోస్తున్నది. నేను కంప్యూటర్ కాడ కూసున్న. లాగిన్ అయ్యి ఊకె కూసుంటే జరసేపటికి అదే బయటికి తోస్తదంట. ఆ రూల్ రాసింది నేనే అని వాడు ఒకనాడు మురిసిండు. తొయ్యకుండ మౌస్ కదుపుతున్న.
దీపం కాడికి రావేందే, గా డబ్బాల ఏమున్నదే అని వదినె తిట్టింది. నీ దీపం నువ్వు చూసుకో, నాది నేను చూసుకుంట అన్న.

ఆగస్టు 17
కరెంటు పోయింది. యూపీఎస్ మొత్తుకున్నది. నేనూ మొత్తుకున్న. పేజీ ఆరలే.

ఆగస్టు 19
సుబ్బరామయ్య సారు పూలదండ పట్టుకొచ్చిండు. బంగారం లాంటి కుర్రాడండీ అన్నడు. చాయ్ తాగినంక, అతని లాగిన్ క్లోజ్ చేసేస్తామండీ, సెక్యూరిటీ కదా అన్నడు. వాన్ని పిలిచేటప్పుడు ఆదివారమని సారుకు యాదికి రాలే. పేరు తీసేటందుకు రూల్ యాదికొచ్చింది. నేను కుర్చీల నుంచి లేవలే. దండ ఆయన ఒళ్లనే ఉండె.

ఆగస్టు 21
నిహారిక వచ్చింది. ఆఫీసుల వాని పక్క సీటు పిల్ల. నేను మౌస్ కదుపుడు చూసి ఏడ్చింది. ఏందే అంటే ఏం లేదాంటీ అన్నది. ఒట్టు పెడితే చెప్పింది.
మౌస్ ఊకె కదిపితే ఆఫీసు కంప్యూటర్‌కు తెల్వదంట. పేజీల ఏదన్న నొక్కితేనే తెలుస్తదంట. ఆదివారమే అయిపోయిందంట ఆ లాగిన్ సెషన్. వాడు ఇంకా దవాఖాన్ల ఊపిరి తీసుకుంటుండంగనే. నా ముందల ఉన్నది ఉత్త బొమ్మంట. నొక్కితే పేరు పోయి పాస్‌వర్డ్ అడుగుతదంట.
చచ్చినదానికి నూనె పోసిన ఇన్ని దినాలు. రూల్ రాసినోన్నే తోసింది వాని రూల్. జర ఆగలే.

ఆగస్టు 22
దినాలు అయినయి. వదినె దీపం కొండెక్కింది.
నేను మౌస్ కదిపిన. నొక్కలే.