రోజీ గుప్పెడు బియ్యం

ఫిబ్రవరి 3, 2025, సోమవారం

మా ఆవిడ రోజీ కుడి మణికట్టు విరిగింది. కంభం నుంచి వచ్చి మార్కాపురం బస్టాండులో దిగుతూ ఆఖరి మెట్టు తప్పింది. ఆరు వారాలు కట్టు. వంట నేనే చేయాలి. యాభై ఆరేళ్లలో నేను వండినవి రెండు: టీ, ఆమ్లెట్.

సాయంత్రం మంచం మీద నుంచే ఇంకో డ్యూటీ వేసింది. వండిన ప్రతిసారీ, ఎసట్లో పోసేముందు, ఒక గుప్పెడు బియ్యం తీసి మూలనున్న మట్టికుండలో వేయాలి. దేవుని బియ్యం. ఆదివారం చర్చిలో పోస్తారు, ఎవరూ లేని ముసలివాళ్లకు ఇస్తారు. వాళ్లమ్మ వేసింది, వాళ్లవ్వ వేసింది. పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో రోజీ ఒక్క పూట తప్పలేదట. నీ వల్ల తప్పిందంటే చూడు అంది. సరే అన్నాను. నేను చర్చికి వెళ్లేది క్రిస్మస్‌కు, లేదంటే ఎవరైనా చనిపోతే.

ఫిబ్రవరి 5

రెండు పూటలా వేశాను. అన్నం మాడింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

పరువు పోయింది.

చేయి మెడకు కట్టుకుని రోజీ ముందు, కుండ మోసుకుంటూ నేను వెనక. చర్చిలో అందరూ బల్ల ముందున్న గంపలో పోశారు. నా కుండ వంచితే బియ్యం జారలేదు. ముద్దగా పడింది. పుల్లటి వాసన.

వారమంతా కడిగిన బియ్యంలోంచి తీశాను. ఎసట్లో పోసేముందు అని చెప్పింది, ఎసట్లో పోసేముందే తీశాను. కడగకముందు అని ఎవరూ చెప్పలేదు.

ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిల్ ఉమెన్ మేరీ ముక్కు మూసుకుని, ఏంది శ్యాంసన్ అన్నా ఇది, దోసెలకు నానబెట్టినావా అంది. ఆడవాళ్ల వైపు మొత్తం నవ్వులు. ఆ బియ్యం తినాల్సిన మగ్దలీనమ్మ ముందు వరుసలోనే ఉంది. ఎనభై దాటాయి, ఒంటరిది. ఇంకో వారం ఆగుంటే కల్లయ్యుండేది గదా నాయనా అంది. పాస్టరు కూడా నవ్వాడు. రోజీ నవ్వు ఆపుకోలేక, నొప్పికి కట్టున్న చేయి పట్టుకుంది.

నాకు కోపం రాలేదు. నోట్ చేస్తున్నాను.

సాయంత్రం మగ్దలీనమ్మ ఇంటికి మంచి బియ్యం తీసుకెళ్లాను. మూత తీసి వాసన చూసి మరీ తీసుకుంది.

ఫిబ్రవరి 12

కాటా మీద తూచాను. నా గుప్పెడు 55 గ్రాములు. రోజీది ఎంతో ఎడమ చేత్తో తీయించాను: 40. రెండు పూటలు, ముప్పై ఒక్క ఏళ్లు. తొమ్మిది క్వింటాళ్లు.

చెబితే కసిరింది. దేవునికేసింది తూకమేసేదేంది, నువ్వేమన్నా సివిల్ సప్లైసా అంది. కాసేపటికి, తొమ్మిది క్వింటాళ్లా అని మళ్లీ అడిగింది.

ఫిబ్రవరి 20, ఉదయం 5:40

అలారం ఐదుకు. ఇరవై ఎనిమిదేళ్ల రిపోర్టింగులో ఇంత పొద్దున లేచింది యాక్సిడెంట్లకే. వారం నుంచి రోజీకి బైబిల్లోంచి కీర్తన చదవడం కూడా నా డ్యూటీ. ఏమయ్యా, వార్తలు చదివినట్ల చదవాకు, దావీదు ఏడ్చుకుంటా రాసినాడు అది అంది. మళ్లీ చదివాను. ఈసారి ఒక్కో మాట దగ్గరా ఆగాను. తర్వాత స్టవ్. గుప్పెడు.

మార్చి 2

మొన్నటి నుంచి తను అడగకముందే పుస్తకం తీస్తున్నాను.

ప్రెస్‌క్లబ్‌లో బాలకృష్ణ, ఏంది భయ్యా, మొహం తేటగుంది, షుగర్ తగ్గిందా అన్నాడు. టెస్ట్ చేయించాను. తగ్గలేదు. ఇంట్లో కట్టు, ఆఫీసులో అదే డెడ్‌లైన్. మారింది ఏమీ లేదు. అయినా మొహం తేటగా ఉందన్నది నిజం. అద్దంలో చూశాను.

మార్చి 17, సోమవారం

కట్టు తీశారు. ఎముక అతికింది. వేళ్లు ముడుచుకోవడం లేదు. నెలరోజుల్లో పిడికిలి పట్టకపోతే అలాగే ఉండిపోవచ్చని డాక్టరు చెప్పాడు. పిసకడానికి రబ్బరు బంతి ఇచ్చారు. ఆటోలో రోజీ బంతిని ఎడమ చేత్తోనే పట్టుకుంది.

మార్చి 18

పొద్దున నన్ను పక్కకు జరగమని తనే బియ్యం డబ్బాలో చేయి పెట్టింది. బయటికి తీసి కుండ మీద తెరిచింది. పదకొండు గింజలు పడ్డాయి.

పీట మీద కూర్చుని ఏడ్చింది. నా పని అయిపోయింది, కుండ తీసెయ్ అంది. పదకొండు గింజలు దేవునికి ఎవరన్నా వేస్తారా అంది. నేను మామూలుగా వాదించను. ఈ రోజు వాదించాను. కుండ నీ ఒక్కదానిది కాదు, నలభై మూడు రోజులుగా నాది కూడా అన్నాను. నువ్వు పదకొండు వెయ్యి, మిగతాది నేను వేస్తాను అన్నాను.

నిన్న ఆసుపత్రి వరండాలో ప్రార్థన చేశాను. ఆ సంగతీ చెప్పాను. కళ్లు తుడుచుకుని, నువ్వా అంది. నేనే అన్నాను. ఏమని చేసినావు అంది. ప్రభువా, ఈమె పిడికిలి ముయ్యి, నా పిడికిలి తెరువు అని.

బంతిని పక్కన పడేసింది. ఇక బియ్యమే.

మార్చి 24

అరవై రెండు గింజలు. స్టవ్ పక్కన పలక తగిలించి రోజూ రాస్తున్నాను. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో ఉండి ఎక్సెల్ షీట్ ఎందుకు?

ఏప్రిల్ 2

ఆరు గ్రాములు.

ఏప్రిల్ 9

పదిహేను. వంటింట్లో రోజీ పాట వినిపించింది. రెండు నెలల తర్వాత. శ్రుతి లేదు. ఎప్పుడూ లేదు. తలుపు దగ్గరే నిలబడి చివరిదాకా విన్నాను.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఇరవై ఎనిమిది. చిటికెన వేలు ముడవడం లేదు, ఆ సందులోంచి జారిపోతున్నాయి. మగ్దలీనమ్మ ఒక్కో వేలూ మడిచి చూసింది. ఇదొక్కటే మొండిది అమ్మా, మీ ఆయన లెక్క, అదీ వస్తాదిలే అంది.

ఏప్రిల్ 20, ఈస్టర్

తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. కొవ్వొత్తులు పట్టుకుని అందరం నిలబడ్డాం. నల్లమల వైపు చీకటి ఉండగానే తూర్పున వెలుగు వచ్చింది. పాడాను. గట్టిగానే.

చర్చిలో కుండ రోజీ మోసింది. గంప దగ్గర మేరీ, వదినా, ముందు వాసన చూడాల్నా అంది. రోజీ కుడిచేయి కుండలో పెట్టి, గుప్పెడు తీసి, ఎత్తి చూపించి, గంపలో వదిలింది. దారిలో ఒక్క గింజ రాలలేదు. మగ్దలీనమ్మ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.

పొద్దున ఇంట్లో తూచినప్పుడు 39. ఒక గ్రాము తక్కువ. పలక మీద 39 అనే రాశాను.

ఒక విషయం సరిచూసుకున్నాను. ఈ డైరీ ప్రకారం నా సంతోషం ఈ రోజు మొదలవలేదు. వేళ్లు కదలకముందే, కట్టు విప్పకముందే ఉంది. బాలకృష్ణ మళ్లీ అడిగితే సోర్స్ పేరు చెబుతాను. యేసు.

ఏప్రిల్ 21, ఉదయం 5:20

నేటి నుంచి వంట రోజీది. అలారం పెట్టలేదు. ఐదుకే మెలకువ వచ్చింది. రోజీ బియ్యం తీసిపెట్టి స్నానానికి వెళ్లింది. కుండ మూత తీశాను. అడుగున ఒక గుప్పెడు. పక్కన నాదీ వేశాను.

పొడి బియ్యమే.